కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి? బయాప్సీ రిపోర్టులోని మాటల వెనక ఉన్న కథ

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో రొమ్ములో గడ్డకు బయాప్సీ చేయిస్తే కొన్ని రోజులకు ఒక రిపోర్టు చేతికొస్తుంది. చివర్లో నాలుగు పొడి మాటలుంటాయి: ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 2+, కి-67 30 శాతం. డాక్టర్‌ను కలిసేలోపే ఆ కాగితం ఫోటో చుట్టాల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగొస్తుంది. 30 శాతం అంటే ఒంట్లో అంత మేర పాకినట్టే అని ఒకరు, ముప్పయ్యే కదా, డెబ్బై శాతం బాగానే ఉంది అని ఇంకొకరు. ‘ఇది జీన్స్ జబ్బట, మరి బిడ్డకు కూడా వస్తదా?’ అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ పైకి అనరు. ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంటే అసలే అనరు.

ఆ నాలుగు మాటలూ నాలుగు జబ్బుల పేర్లు కావు. కణం పెరగాలా, ఆగాలా అని తేల్చే ఒకే ఏర్పాటులో వేర్వేరు చోట్ల తీసిన కొలతలు. ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలిస్తే రిపోర్టు చాలావరకు విడిపోతుంది. విడిపోనిది కొంత ఉంటుంది. దాని మీద శాస్త్రవేత్తలకే ఏకాభిప్రాయం లేదు.

జన్యువు ప్రతి కణంలో ఉంటుంది, ప్రతి చోటా పనిచేయదు

మనిషి ఒంట్లో సుమారు 37 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. ఎర్ర రక్తకణాల్లాంటి కొన్నింటిని వదిలేస్తే ప్రతి కణంలోనూ అదే డీఎన్ఏ ఉంటుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. రెండూ కలిపితే సుమారు 600 కోట్ల అక్షరాలు. అందులో ఒక ప్రోటీన్ ఎలా తయారు చేయాలో చెప్పే ముక్కను జన్యువు అంటాం. అలాంటివి మనిషిలో దాదాపు 20 వేలు.

కాలేయ కణంలోనూ, కంటి కణంలోనూ ఇవే 20 వేల జన్యువులు. తేడా అల్లా ఏవి తెరిచి ఉన్నాయి, ఏవి మూసి ఉన్నాయి అన్నదే. కొన్ని ప్రోటీన్లు డీఎన్ఏ మీద కూర్చుని ఫలానా జన్యువును చదవమనో, వద్దనో నిర్ణయిస్తాయి. ఆ ప్రోటీన్లను తయారుచేసేది మళ్ళీ జన్యువులే. వాటిని కదిపేది బయటి నుంచి వచ్చే కబురు. అంటే జన్యువు తనంతట తాను దేన్నీ శాసించదు. పిలుపు వస్తే పలుకుతుంది. ‘ఫలానా జబ్బుకు జీన్ దొరికింది’ అన్న వార్త చదివినప్పుడల్లా ఈ సంగతి గుర్తుంటే మంచిది. టీవీ వాళ్ళకు అది ఎందుకో గుర్తుండదు.

సైజు పెరగడం ఒకటి, సంఖ్య పెరగడం ఇంకొకటి

‘కణాల పెరుగుదల’ అన్న ఒక్క మాట కింద రెండు పనులు నడుస్తాయి. జిమ్‌లో బరువులెత్తే కుర్రవాడి కండ ఉబ్బితే ముఖ్యంగా ఉన్న కండర కణాలే లావెక్కుతాయి. తెగిన చర్మం మూసుకుంటే అక్కడ కణాలు ఒకటి రెండై, రెండు నాలుగవుతాయి. మొదటిదాన్ని ఎక్కువగా నడిపేది ఎంటార్ అనే ప్రోటీన్. తిండి, ఆక్సిజన్, ఇన్సులిన్ వంటి కబుర్లు సరిపడా ఉన్నాయో లేదో చూసుకుని, ఉంటేనే కణాన్ని కొత్త ప్రోటీన్లు చేసుకోనిస్తుంది. ఎంటార్ అంటే ‘రాపమైసిన్ గురి’ అన్న ఇంగ్లీషు పేరుకు పొట్టి రూపం; ఆ రాపమైసిన్ ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియా తయారుచేసే మందు. కిడ్నీ మార్పిడి చేయించుకున్న వాళ్ళలో కొందరు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు.

రెండో పని విభజన. మన ఒంట్లో రోజుకు సుమారు 33 వేల కోట్ల కణాలు పోయి, వాటి చోట కొత్తవి వస్తుంటాయి. ఎక్కువ భాగం రక్తకణాలు, ఆ తర్వాత పేగు లోపలి పొర. మెదడులోని నాడీకణాలు మాత్రం దాదాపుగా ఎప్పటికీ విభజన జోలికి పోవు. కాలేయ కణాలది మధ్యరకం: మామూలు రోజుల్లో ఊరుకుంటాయి, కొంత భాగం కోసి తీసేస్తే మళ్ళీ మొదలుపెట్టి, కాలేయం పాత బరువుకు చేరగానే ఆగిపోతాయి.

ఇక్కడ అబ్బురపడాల్సింది మొదలుపెట్టడం గురించి కాదు. ఆగడం గురించి.

కబురు కణం లోపలికి ఎలా పోతుంది: కొడవలి గాటుతో ఒక ఉదాహరణ

వరి కోస్తుంటే కొడవలి తగిలి వేలు తెగిందనుకుందాం. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు పగిలి కొన్ని ప్రోటీన్లను వదులుతాయి. వీటిని గ్రోత్ ఫ్యాక్టర్లు అంటారు. వీటిలో ఈజీఎఫ్ అనేదాన్ని కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కు, నాడులను పెంచే ఎన్‌జీఎఫ్‌ను కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చినీకి కలిపి 1986లో నోబెల్ వచ్చింది.

గాయం అంచున ఉన్న చర్మకణం దగ్గరికి ఈజీఎఫ్ చేరుతుంది, కానీ లోపలికి పోదు. కణం పైపొరలో అటూ ఇటూ పొడుచుకుని ఉండే, కబురు అందుకునే ప్రోటీన్ అయిన రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. అప్పుడు పక్కపక్కనున్న రెండు రిసెప్టర్లు జతకట్టి, లోపలి వైపున్న తోకలకు ఒకదానికొకటి ఫాస్ఫేట్ ముక్కలు తగిలిస్తాయి. ఆ ముక్కలే లోపలికి అందే సంకేతం. దాన్ని చూసి రాస్ అనే ప్రోటీన్ మేల్కొంటుంది. రాస్ రాఫ్‌ను లేపుతుంది, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్ళి మిక్, సైక్లిన్ డి వంటి జన్యువులను తెరిపిస్తుంది. బయట తగిలిన కబురు ఇలా డీఎన్ఏ దాకా వస్తుంది.

కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు తెలిసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పై చెరువు నిండి మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్ళు. ఆ చెరువు నిండితే ఇంకో చెరువుకు. చిన్న జల్లు పడితే మొదటి చెరువు అడుగు తడుస్తుందే తప్ప ఆయకట్టు చివరి మడికి చుక్క రాదు. కణం కూడా చిన్న జల్లుకు కదలదు. ఈజీఎఫ్ తగిలిన నిమిషాల్లోనే ఎర్క్ మేల్కొంటుంది, నిజమే. కానీ విభజనకు ముందు జరగాల్సిన డీఎన్ఏ నకలు మొదలవడానికి చాలా గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ కబురు తెగకుండా వస్తుండాలి. మధ్యలో ఆగితే కణం వెనక్కి తగ్గి ఊరుకుంటుంది. ఒక దశ దాటాక మాత్రం కబురు ఆగినా విభజన ఆగదు. ఆ గీత ఎక్కడుందో 1974లో ఆర్థర్ పార్డీ చూపించాడు.

పోలిక కొంత దూరమే వస్తుంది. చెరువు నీళ్ళు కిందికి పోయేకొద్దీ తరుగుతాయి, కణంలో కబురు కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది. ఒక్క రాఫ్ ఎన్నో మెక్‌లను లేపగలదు. పైగా ఈ గొలుసు ఒకటే దారి కాదు. రాస్ నుంచే ఇంకో కాల్వ పీఐ3కే, ఏకేటీ మీదుగా పైన చెప్పిన ఎంటార్‌కు పోతుంది. ఎర్క్ బాగా జోరందుకుంటే వెనక్కి తిరిగి తన పైనున్నవాటినే అణచివేస్తుంది. మందుల కంపెనీల తలనొప్పులు చాలావరకు ఈ వెనక్కి తిరిగే దారుల దగ్గరే మొదలవుతాయి.

ఈస్ట్రోజన్ దారి దీనికి పూర్తిగా వేరు. అది కొవ్వులో కరిగే హార్మోన్ కాబట్టి పైపొరను దాటుకుని నేరుగా లోపలికి పోతుంది. లోపల దాని రిసెప్టర్, అంటే రిపోర్టులోని ఈఆర్, కాచుకుని ఉంటుంది. రెండూ కలిసి డీఎన్ఏ మీద కూర్చుని జన్యువులను తెరుస్తాయి. వాటిలో సైక్లిన్ డి ఒకటి, పీఆర్ (ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ రిసెప్టర్) జన్యువు ఇంకొకటి. రిపోర్టులో ఈఆర్ పక్కన పీఆర్ కూడా రాయడానికి ఒక కారణం ఇదే: పీఆర్ కనబడిందంటే ఈఆర్ ఊరికే ఉండటం లేదు, పని కూడా చేస్తోందని అనుకోవచ్చు.

డీఎన్ఏ నకలుకు ముందు రెండు కాపలాలు

కబురు కేంద్రకం దాకా వచ్చినా పని అయిపోలేదు. ఆర్‌బీ అనే ప్రోటీన్ ఈ2ఎఫ్ అనే మరో ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. ఈ2ఎఫ్ విడుదలైతేనే నకలుకు కావాల్సిన సరంజామా తయారవుతుంది. సైక్లిన్ డి పేరుకున్నాక అది సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములతో కలిసి ఆర్‌బీకి ఫాస్ఫేట్లు అంటిస్తుంది. అప్పుడు ఆర్‌బీ పట్టు సడలుతుంది. సైక్లిన్లూ సీడీకేలూ కణచక్రాన్ని ఎలా తిప్పుతాయో తేల్చినందుకు లేలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ దక్కింది.

రెండో కాపలా పీ53. దీనికి బయటి కబుర్లతో పెద్దగా పనిలేదు, డీఎన్ఏ చెక్కుచెదరకుండా ఉందా అన్నదే చూస్తుంది. ఎండ వల్లనో, పొగ వల్లనో, నకలులో తప్పు వల్లనో డీఎన్ఏ దెబ్బతింటే పీ53 పోగుపడి, పీ21 అనే ప్రోటీన్‌ను చేయించి, సీడీకేలను ఆపేస్తుంది. మరమ్మతుకు సమయం దొరుకుతుంది. దెబ్బ మరీ పెద్దదైతే కణాన్ని చనిపొమ్మంటుంది, కణం పద్ధతిగా ముక్కలై పోతుంది. తల్లి కడుపులో పిండం వేళ్ళ మధ్య పొర పోయి వేళ్ళు విడిపడేది కూడా ఇలాంటి కణమరణంతోనే. మనిషి క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 చెడిపోయి ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే ఒక్కో డీఎన్ఏ ప్రతిలో ఈ జన్యువు ఏనుగుకు 20 సార్లు ఉంటుంది, మనకు ఒక్కసారే. అంత పెద్ద ఒంట్లో అన్ని కణాలున్నా ఏనుగులకు క్యాన్సర్ తక్కువ కావడానికి ఇదొక కారణం కావచ్చంటారు.

ఇప్పుడు కి-67కు వద్దాం. విభజన పనిలో ఉన్న కణంలో కనిపించి, విశ్రాంతిలో ఉన్న కణంలో కనిపించని ప్రోటీన్ ఇది. గాజు పలక మీది ముక్కకు రంగు వేసి, క్యాన్సర్ కణాలను లెక్కపెట్టి, వందలో ఎన్నింటి కేంద్రకాలు రంగు పట్టాయో రాస్తారు. ‘30 శాతం’ అంటే ఆ గడ్డలో లెక్కపెట్టిన ప్రతి వంద క్యాన్సర్ కణాల్లో 30 విభజన బాటలో ఉన్నాయని. ఒంట్లో ఎంత పాకిందో అది చెప్పదు. మిగతా 70 మంచి కణాలనీ చెప్పదు, అవీ క్యాన్సర్ కణాలే, ఆ క్షణానికి విశ్రాంతిలో ఉన్నాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. గడ్డలో ఏ మూల లెక్కపెట్టారు, ఎవరు లెక్కపెట్టారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అయిన తొలిదశ రొమ్ము క్యాన్సర్‌లో 5 లేదా అంతకన్నా తక్కువ, 30 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చిన అంకెలనే నమ్మదగ్గవని నిపుణుల బృందం 2021లో చెప్పింది. ఒక ల్యాబ్‌లో 18, ఇంకో ల్యాబ్‌లో 24 వస్తే జబ్బు ముదిరిందని కంగారు పడేవాళ్ళున్నారు. ఆ తేడాకు అంత అర్థం లేదు.

కోడి కణితి నుంచి వచ్చిన ఆధారం

కణంలోని జన్యువే చెడి క్యాన్సర్ తెస్తుందని మొదట ఎవరూ అనుకోలేదు. 1911లో పేటన్ రౌస్ ఒక కోడికి వచ్చిన కణితిని నూరి, కణాలు రాకుండా వడకట్టి, ఆ రసాన్ని ఇంకో కోడికి ఎక్కిస్తే దానికీ కణితి వచ్చింది. కారణం ఒక వైరస్. ఆయనకు నోబెల్ రావడానికి 1966 దాకా పట్టింది. ఆ వైరస్‌లో కణితి తెచ్చే జన్యువు పేరు సార్క్. 1976లో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్ బృందం తేల్చిన విషయం అందరినీ కుదిపేసింది: సార్క్ వైరస్ సొత్తు కాదు, మామూలు కోడి కణాల్లోదే. వైరస్ ఎప్పుడో దాన్ని ఎత్తుకుపోయింది. అంటే క్యాన్సర్ తేగల జన్యువులు మనలో ముందునుంచీ మంచి పనులే చేస్తూ ఉన్నాయి. చెడితేనే ముప్పు. వీటిని చెడక ముందు ప్రోటో ఆంకోజీన్లనీ, చెడ్డాక ఆంకోజీన్లనీ అంటారు.

ఎంత చిన్న చెడుపు చాలో 1982లో రాస్ చూపించింది. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది: జీజీసీ అని ఉండాల్సిన చోట జీటీసీ. దాంతో ప్రోటీన్‌లో 12వ స్థానంలో గ్లైసిన్ పోయి వాలిన్ వచ్చింది. మామూలు రాస్ పని అయ్యాక తనకు తానే ఆరిపోతుంది. మారిన రాస్‌కు ఆ ఆరిపోవడం చేతకాదు. పైన వాన లేకపోయినా తూము షట్టర్ విరిగి తెరిచే ఉండిపోయినట్టు, గ్రోత్ ఫ్యాక్టర్ లేకున్నా కిందికి కబురు పోతూనే ఉంటుంది. పాంక్రియాస్ క్యాన్సర్లలో 90 శాతం దాకా ఇలాంటి రాస్ కనబడుతుంది.

ఆర్‌బీ, పీ53 లాంటివి దీనికి ఎదురు కోవకు చెందినవి, వీటిని ట్యూమర్ సప్రెసర్ జన్యువులు అంటారు. రాస్ ఒక ప్రతి చెడినా చాలు గొడవ మొదలవుతుంది. ఆర్‌బీ మాత్రం రెండు ప్రతులూ పోతేనే.

ఆ ‘రెండూ’ ఎంత తేడా తెస్తాయో లెక్క వేసి చూద్దాం. 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ చిన్నపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా మీద వేసిన లెక్క ఇలాంటిదే; కింది అంకెలు మాత్రం అర్థం కావడానికి నేను తీసుకున్న గుండు అంకెలు. పసిబిడ్డ కంట్లో విభజన చెందే కణాలు 10 లక్షలు అనుకోండి. ఒక ఆర్‌బీ ప్రతి చెడిపోయే అవకాశం 10 లక్షల్లో ఒకటి అనుకోండి. రెండు ప్రతులూ బాగున్న బిడ్డకు ఒకే కణంలో రెండూ చెడే అవకాశం 10 లక్షల్లో ఒకటిని మళ్ళీ 10 లక్షల్లో ఒకటితో గుణించినంత. కంట్లోని 10 లక్షల కణాలతో హెచ్చిస్తే, ఇలాంటి 10 లక్షల కళ్ళలో ఒక్క కంటికి జబ్బు. అదే పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్న బిడ్డకైతే ఇంకొకటి చెడితే చాలు. 10 లక్షల కణాలు, 10 లక్షల్లో ఒక అవకాశం: ప్రతి కంట్లోనూ సగటున ఒక కణితి. వారసత్వంగా వచ్చిన పిల్లల్లో రెండు కళ్ళకూ, అదీ తొలి నెలల్లోనే జబ్బు ఎందుకు కనిపిస్తుందో, మిగతావాళ్ళకు ఒక కంటికే, కాస్త ఆలస్యంగా ఎందుకు వస్తుందో ఈ లెక్కతో తేలింది. ఆర్‌బీ జన్యువు చేతికి దొరికింది ఆ తర్వాత పదిహేనేళ్ళకు, 1986లో.

మరి బిడ్డకు వస్తదా?

క్యాన్సర్లు దాదాపు అన్నీ జన్యువులు చెడటం వల్లే వస్తాయి. అందులో వారసత్వంగా వచ్చేవి మాత్రం వందలో 5 నుంచి 10. ఈ రెండు వాక్యాలకూ పొంతన లేదని అనిపిస్తుంది కానీ ఉంది. చెడుపు ఏ కణంలో జరిగిందన్నది ముఖ్యం. యాభై ఏళ్ళ వయసులో రొమ్ములోనో, ఊపిరితిత్తిలోనో ఒక కణంలో రాస్ మారితే, ఆ మార్పు ఆ కణానికీ దాని నుంచి పుట్టిన కణాలకూ పరిమితం. అండంలోకో, వీర్యకణంలోకో అది పోదు. ఎప్పుడో పుట్టిన బిడ్డకు వచ్చే దారే లేదు.

మిగతా 5-10 శాతంలో చెడిన ప్రతి పుట్టుక నుంచే ప్రతి కణంలో ఉంటుంది. బీఆర్‌సీఏ1 అందరికీ తెలిసిన ఉదాహరణ. అది డీఎన్ఏ మరమ్మతు చేసే జన్యువు. చెడిన ప్రతి ఉన్న స్త్రీలలో వందకు 60 మందికి పైగా జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ రావచ్చు. రాకుండా ఉండేవాళ్ళూ ఉంటారు, ఎందుకంటే రెండో ప్రతి నిలబడవచ్చు. ఆమె బిడ్డల్లో ఒక్కొక్కరికి ఆ ప్రతి చేరే అవకాశం సగం, కొడుకైనా కూతురైనా. తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. మన దగ్గర మాత్రం చూపంతా తల్లి వైపు ఆడవాళ్ళ మీదే ఉంటుంది. మేనమామకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిందనో, మేనత్తకు చిన్న వయసులోనే అండాశయ క్యాన్సర్ వచ్చిందనో డాక్టర్ అడిగితే తప్ప ఎవరికీ గుర్తురాదు.

బయాప్సీ కాగితం మీది హెర్2 ఈ కోవలోది కాదు. హెర్2 ఈజీఎఫ్ రిసెప్టర్‌కు తోబుట్టువు లాంటి రిసెప్టర్. మామూలు కణంలో దాని జన్యువు రెండు ప్రతులు. రొమ్ము క్యాన్సర్లలో 15-20 శాతంలో ఆ జన్యువు గడ్డలోనే పదుల ప్రతులుగా పెరుగుతుంది. కణం పైన రిసెప్టర్లు లక్షల్లోకి పోతాయి. బయటి కబురు లేకుండానే అవి ఒకదానికొకటి తగిలి జతకడతాయి. రిపోర్టులో 0, 1+ అంటే నెగెటివ్, 3+ అంటే పాజిటివ్. 2+ అంటే రంగు చూసి చెప్పలేమని, అప్పుడు ఫిష్ అనే పరీక్షతో జన్యువు ప్రతులనే లెక్కపెడతారు. ఈ నెగెటివ్ గీత కూడా ఇప్పుడు కదిలింది. 1+ ఉన్నవాళ్ళకూ, 2+ ఉండి ఫిష్ నెగెటివ్ వచ్చినవాళ్ళకూ ముదిరిన దశలో పనిచేసే మందు 2022లో ఆమోదం పొందింది. వీళ్ళను ఇప్పుడు ‘హెర్2 లో’ (ఇంగ్లీషు ‘లో’, అంటే తక్కువ) అంటున్నారు.

దురదృష్టమా, పొగాకా: రెండు లెక్కలు, ఒక తగువు

2015లో క్రిస్టియన్ టొమాసెట్టి, బెర్ట్ వోగెల్‌స్టైన్ 31 రకాల కణజాలాలను పోల్చి, మూలకణాలు ఎక్కువగా విభజన చెందే చోట క్యాన్సర్ కూడా ఎక్కువని చూపించారు. ప్రతి నకలులో కొన్ని తప్పులు తప్పవు, కాబట్టి కణజాలాల మధ్య తేడాలో మూడింట రెండు వంతులను దీంతోనే వివరించవచ్చన్నారు. పత్రికలు దాన్ని ‘మూడింట రెండు క్యాన్సర్లు దురదృష్టమే’ అని రాశాయి. వాళ్ళు అన్నది అది కాదు. న్యూయార్క్‌లోని స్టోనీబ్రూక్ బృందం అదే ఏడాది చివర్లో వేరే పద్ధతిలో లెక్కవేసి, లోపలి కారణాల వాటా 10 నుంచి 30 శాతానికి మించదని, మిగతాదంతా బయటినుంచి వచ్చేదేనని వాదించింది.

రెండు లెక్కలూ ఒకేసారి నిలబడగలవు. ఒక క్యాన్సర్‌కు మూడు మార్పులు కావాలనుకుందాం. రెండు నకలు తప్పుల వల్ల, ఒకటి బీడీ పొగ వల్ల. మార్పుల లెక్కన దురదృష్టం వాటా 66 శాతం. కానీ బీడీ మానేస్తే మూడో మార్పు రాదు, క్యాన్సరే రాదు. నివారణ లెక్కన బీడీ వాటా నూరు శాతం. 2017లో టొమాసెట్టి బృందం కూడా మార్పుల్లో 66 శాతం నకలు తప్పులేనంటూనే, నివారించదగ్గ క్యాన్సర్లు చాలా ఉన్నాయని ఒప్పుకుంది.

ములుగు, ఆదిలాబాద్ అడవుల తునికాకుతో నిజామాబాద్, జగిత్యాల ఇళ్ళల్లో బీడీలు చుట్టే ప్రాంతం మనది కాబట్టి ఈ పొగ ఏం చేస్తుందో ఇంకాస్త చెప్పాలి. పొగలోని బెంజోపైరీన్ ఒంట్లో మరో రూపంలోకి మారి డీఎన్ఏలోని జీ అక్షరానికి అతుక్కుంటుంది. నకలు తీసేటప్పుడు అక్కడ జీకి బదులు టీ పడుతుంది. పొగతాగేవాళ్ళ ఊపిరితిత్తి క్యాన్సర్లలో పీ53 జన్యువు ఏ చోట్ల ఎక్కువగా చెడుతుందో, ప్రయోగశాలలో ఈ రసాయనం సరిగ్గా అవే చోట్ల అతుక్కుంటుందని 1996లో చూపించారు. పొగకూ జన్యువుకూ ముడి ఇంత స్పష్టంగా కనిపించిన సందర్భాలు తక్కువ.

జన్యువు చెడితే చాలా, చుట్టూ ఉన్నవీ చెడాలా?

ఇది ఇంకా లోతైన వాదన. రౌస్ వైరస్‌ను కోడిపిల్లకు ఎక్కిస్తే కణితి వస్తుందని చూశాం. అదే వైరస్‌ను గుడ్డులోని పిండానికి ఎక్కిస్తే కణితి రాలేదని 1984లో మీనా బిస్సెల్ బృందం చూపించింది. పిండం మామూలుగానే పెరిగింది. ఆ కణాలనే బయటికి తీసి గాజు పళ్ళెంలో పెంచితే మాత్రం అదుపు తప్పాయి. చెడిన జన్యువు ఉంది, అయినా ఇరుగుపొరుగు దాన్ని కట్టడి చేసింది.

ఇలాంటివి మన ఒంటి మీదే ఉన్నాయి. చాలా పుట్టుమచ్చల్లో రాఫ్ కుటుంబానికి చెందిన బీరాఫ్ చెడి ఉంటుంది, చర్మ క్యాన్సర్ మెలనోమాలో కనబడే మార్పే. అయినా ఆ మచ్చ కొంత పెరిగి దశాబ్దాల పాటు అట్లాగే నిలిచిపోతుంది. 2015లో నలుగురి కనురెప్పల చర్మాన్ని పరిశీలిస్తే దాదాపు నాలుగో వంతు కణాల్లో క్యాన్సర్‌కు కారణమయ్యే తరహా మార్పులున్నాయి. చర్మం మాత్రం ఆరోగ్యంగానే ఉంది.

దీన్ని బట్టి కొందరు, ముఖ్యంగా అనా సోటో, కార్లోస్ సొన్నెన్‌షైన్, అసలు క్యాన్సర్‌ను కణం జబ్బుగా చూడకూడదు, కణజాలం అమరిక చెడిన జబ్బుగా చూడాలంటారు. ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంత దూరం పోరు. జన్యు మార్పు లేకుండా క్యాన్సర్ ఉండటం అరుదు. ఒక్క జన్యు మార్పును ఆపే మందుతో జబ్బు లొంగిన దాఖలాలు ఉన్నాయి. అయితే పొరుగు కణాల పాత్రను ఇప్పుడెవరూ కొట్టిపారేయడం లేదు. టీజీఎఫ్ బీటా అనే కబురు మామూలు చర్మకణాన్ని ఆపుతుంది, ముదిరిన క్యాన్సర్ కణాన్ని పాకేలా చేస్తుంది. కబురు ఒకటే, విన్న కణం స్థితిని బట్టి అర్థం తిరగబడింది. నాకైతే బరువు జన్యు మార్పు వైపే మొగ్గుతుందనిపిస్తుంది, పుట్టుమచ్చను మరిచిపోకూడదన్న షరతుతో.

ఇదే కారణంగా ‘గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాలు చచ్చాయి’ అన్న వార్తలకు అంత విలువ ఇవ్వలేం. నిజామాబాద్ పసుపు గురించి ఏటా తిరిగే వార్త ఇలాంటిదే. పసుపులోని కర్కుమిన్ పళ్ళెంలో ఎన్నో సంకేతాలను అడ్డుకున్న మాట నిజం. తింటే అది రక్తంలోకి చేరేది చాలా కొద్ది. పళ్ళెంలో పోసిన మోతాదు కణితి దగ్గరికి ఎన్నడూ పోదు.

గొలుసులో ఎక్కడ కొడితే ఏమవుతుంది

పాత కీమో మందులకు ఈ గొలుసుతో పనిలేదు, నకలు తీసే ప్రతి కణాన్నీ కొడతాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో చేయించిన అమినాప్టెరిన్, డీఎన్ఏ తయారీకి కావాల్సిన ఫోలిక్ ఆమ్లం దారిని మూసేస్తుంది. దాంతో పిల్లల లుకేమియా తాత్కాలికంగా తగ్గడాన్ని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రచురించాడు. జుట్టు మొదళ్ళు, పేగు పొర కూడా నిరంతరం నకలు తీసేవే, అందుకే కీమోతో జుట్టు రాలుతుంది, విరేచనాలవుతాయి.

గొలుసులో ఒక్క చోట కొట్టడం ఇమాటినిబ్‌తో రుజువైంది. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌లో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు అతుక్కుంటాయి. పుట్టిన ప్రోటీన్ ఎప్పుడూ ఆరదు. దాని ఫాస్ఫేట్ అంటించే పనిని మాత్రమే ఇమాటినిబ్ ఆపుతుంది. 2001లో ఆమోదం వచ్చింది. దాంతో చికిత్స మొదలుపెట్టినవాళ్ళలో పదేళ్ళ తర్వాత కూడా వందకు 80 మందికి పైగా బతికి ఉన్నారు. మన దగ్గర దీని కథ కోర్టులోనూ నడిచింది. నోవార్టిస్ పేటెంట్ కోరితే, హైదరాబాద్‌కు చెందిన నాట్కో సహా పలువురు అభ్యంతరం చెప్పారు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు పేటెంట్‌ను తిరస్కరించింది. నెలకు లక్ష దాటే మందు జెనరిక్ రూపంలో అందులో పదో వంతు కన్నా తక్కువకే దొరకడం కొనసాగింది.

అన్ని క్యాన్సర్లూ సీఎంఎల్ లాగా ఒక్క చెడుపు మీద నిలబడవు. హెర్2ను మూసే ట్రాస్టుజుమాబ్ 1998 నుంచి ఉంది, చాలామందికి ఆయుష్షు పోసింది. కొందరిలో కొన్నాళ్ళకు పీఐ3కే జన్యువు మారి, పైన హెర్2 మూసి ఉన్నా కింది కాల్వలో కబురు పారుతుంది. రాస్ మీద మందు లేదని దాదాపు నలభై ఏళ్ళు అనుకున్నారు. దాని పైతలం అంత నున్నగా ఉంటుంది, మందు పట్టుకునే గుంట దొరకలేదు. 12వ స్థానంలో సిస్టీన్ వచ్చిన రకానికి సోటోరాసిబ్ 2021లో వచ్చింది. అది కూడా చాలామందిలో కొన్ని నెలలకే పట్టు తప్పుతోంది, ఎర్క్ తగ్గగానే పైనుంచి అణచివేత కూడా తగ్గి మిగతా రిసెప్టర్లు జోరందుకోవడం దానికి ఒక కారణం.

ముదిరిన ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ మాత్రతో పాటు పాల్బోసిక్లిబ్ లాంటివి రాయడం 2015 తర్వాత మామూలైంది. హార్మోన్ మందు సైక్లిన్ డి తయారీని తగ్గిస్తుంది, పాల్బోసిక్లిబ్ మిగిలిన సైక్లిన్ డికి తోడుండే సీడీకే4, సీడీకే6లను ఆపుతుంది. ఆర్‌బీ తన పట్టు వదలదు, ఈ2ఎఫ్ బయటికి రాదు, నకలు మొదలుకాదు. ఇదంతా ఆర్‌బీ ఉన్నంతవరకే. చికిత్స నడుస్తుండగా ఏదో ఒక కణంలో ఆర్‌బీ రెండు ప్రతులూ పోతే, ఈ2ఎఫ్‌ను పట్టుకునేదే ఉండదు. సీడీకేలను ఎంత గట్టిగా ఆపినా ఆ కణం విభజన చెందుతూనే ఉంటుంది, అప్పుడు డాక్టర్లు మందు మారుస్తారు.